కంది సాలు లెక్క

సంగారెడ్డి జిల్లా జిన్నారం మండలంలో కందికి పొలం మధ్యలో పీట వేసే రైతులు తక్కువ. నీళ్ళున్న మడి వరికి పోతుంది, వానను నమ్ముకున్న చెల్క పత్తికో మక్కకో పోతుంది. కంది మాత్రం పత్తిలో ఆరు సాళ్ళకో సాలుగానో, గట్టు వెంట ఒక వరుసగానో నిలబడి ఉంటుంది. ఆ మొదళ్ళలో నాలుగు బొబ్బెర తీగలు, దడి మీద చిక్కుడు. బయటి నుంచి వచ్చి చూసినవాళ్ళు పప్పుజాతి పంటలంటే రైతుకు చిన్నచూపని తేల్చేస్తారు. కొంచెం భూమి చేసుకుంటూ, పక్క చేన్లవాళ్ళతో కంది గురించి మాట్లాడుతూ వచ్చిన నాకు అట్లా అనిపించలేదు. రెండెకరాల రైతు కందిని అమ్ముకునే పంటల్లో కలపడు. ఇంట్లో నిండుకోకూడని సరుకుల్లో కలుపుతాడు. ఆ లెక్క ఎకరానికి ఎన్ని క్వింటాళ్ళు అనే లెక్కకు అందదు.

మా పెద్దమ్మ లెక్క చెబుతాను. సంక్రాంతికి ముందే చెట్టు మీది పచ్చికాయ తెంపి, ఉప్పేసి ఉడకబెడితే పిల్లల చిరుతిండి అయిపోతుంది. కాయ ఎండినాక చెట్లు కోసి, కట్టలు కట్టి, కల్లంలో నిలబెట్టి, కట్టెతో కొట్టి, చేటతో చెరిగితే ఏడాదికి సరిపడా కందులు. వాటికి తడిపిన ఎర్రమట్టి పట్టించి ఎండబోస్తే పురుగు దూరదు, ఇసుర్రాయిలో పొట్టు సులువుగా ఊడుతుంది. విత్తనానికి తీసిపెట్టినవి బూడిద, వేపాకు కలిపి కుండలో. పొట్టు, నూక బర్రెకు. మిగిలిన కందికట్టె దడికి, కల్లం ఊడ్చే పొరకకు, నీళ్ళ పొయ్యికి. గ్యాస్ బండ వచ్చినా నీళ్ళ పొయ్యి ఇంకా కట్టెనే అడుగుతుంది. "కందిపప్పు కొనుక్క తినుడేంది బిడ్డా, మనకు చెల్క లేదా?" అంటుంది ఆమె. దిగుబడి ఎంత అని అడిగితే మాత్రం నా మొహం చూసి ఊరుకుంటుంది.

ఈ మాటలన్నీ మాట్లాడుకునే ఊళ్ళకు దగ్గర్లోనే, పటాన్‌చెరులో, 1972 నుంచి పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ఉంది. దాని ప్రధాన పంటల్లో కంది, శనగ, వేరుశనగ మూడూ పప్పుజాతివే. ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే చోట దొరుకుతాయి కాబట్టి ఆ స్థలం పరిశోధనకు బాగా కుదిరింది. ఎండు తెగులును, వెర్రి తెగులును రెండింటినీ తట్టుకునే 'ఆశ' రకం 1993లో విడుదలైంది అక్కడి పనివల్లే. నాకు అంతకన్నా ఇష్టమైన సంగతి మరొకటుంది. అక్కడ పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త నొరిహారు అయె, ఆయన సహచరులు 1990లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఎర్రనేలలో భాస్వరం ఉన్నా ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుంది, చాలా పంటల వేర్లకు చిక్కదు. కంది వేరు పిసిడిక్ ఆమ్లం అనేదాన్ని వదిలి ఆ ముడి విప్పుతుంది. అట్లా తీసుకున్న భాస్వరంలో కొంత రాలిన ఆకుతో పైమట్టికి చేరి, తర్వాతి పంటకు పనికొస్తుంది. జొన్న చేన్లో కందిని కలిపి చల్లిన మన పాతవాళ్ళు పిసిడిక్ ఆమ్లం పేరు వినలేదు. కంది ఆకు రాలిన చేను మరుసటేడు బాగుంటదని మాత్రం వాళ్ళకు తెలుసు.

నత్రజని సంగతి అందరూ చెప్పేదే. వేరు బుడిపెల్లో రైజోబియం బ్యాక్టీరియా ఉండి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. నమ్మకం లేకపోతే విత్తిన ఐదారు వారాలకు ఒక మొక్కను వేరు తెగకుండా తవ్వి తీసి, బుడిపెను గోటితో చీరి చూడండి. లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే పని నడుస్తున్నట్టు. తెల్లగా ఉంటే ఆ బుడిపె ఉన్నా లేనట్టే. మా ఊరి కుర్రాళ్ళకు ఇది చూపిస్తే ఫోనులో ఫొటోలు తీసుకున్నారు. అయినా నత్రజని కోసం కంది వేసిన రైతును నేను ఇంతవరకు చూడలేదు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు వస్తుంటే ఎవరు వేస్తారు? భూమికి మేలని చెప్పి పప్పుజాతి పంటలు వేయించాలని చూసే ప్రచారం అంతా ఇక్కడే బోర్లాపడుతుంది. రైతు పప్పు కోసం వేస్తాడు, భూమికి మేలు దానంతటది జరుగుతుంది.

ఇది మన దగ్గరి మాట మాత్రమే కాదు. ఆఫ్రికాలో మలావీ దేశపు ఉత్తరాన ఎక్వెండెనిలో 2000లో మొదలైన ఒక కార్యక్రమం చిన్న రైతుల ముందు పలురకాల పప్పుజాతి మొక్కలు పెట్టింది. నేలను మాత్రమే బాగుచేసే పచ్చిరొట్ట మొక్కలకన్నా తినడానికి పనికొచ్చే కంది, వేరుశనగల వైపే వాళ్ళు మొగ్గారు. నేలకు కూడా తిండి పెట్టాలనుకుంటే ముందు పిల్లలకు పెట్టే మొక్క ఉండాలని వాళ్ళ లెక్క. మా పెద్దమ్మ ఆ రైతులతో కూర్చుంటే భాష రాకపోయినా బేరం కుదిరేది.

మన జిల్లాలోనే జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు ఒకే చేన్లో జొన్న, కంది, అనుములు, పెసర కలిపి వేస్తూ, సొంత విత్తనం దాచుకుంటూ వస్తున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. అయితే అక్కడి పద్ధతి జిన్నారానికి ఉన్నదున్నట్టు అతకదు. అక్కడ పొద్దంతా చేన్లో ఉండే మనుషులున్నారు. ఇక్కడ బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి కంపెనీల షిఫ్టులున్నాయి.

మా దగ్గర పంటను షిఫ్టే నిర్ణయిస్తుంది. పెసర కాయ ఒక్కసారి పండదు. పండినప్పుడల్లా తెంపాలి, వాన పడితే చెట్టు మీదే మొలకెత్తుతుంది. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషికి అది కాని పని. అందుకే పెసర పోయింది, అనుములు దాదాపు కనపడవు, కంది మిగిలింది. దాన్ని ఆదివారమో సెలవు రోజో చూసుకుని ఒక్క కోతలో కోసేయొచ్చు. కందికి ఇప్పుడున్న శత్రువు కాయతొలుచు పురుగు కూడా కాదు, కోతి. పూత మీద పురుగుకు మందు కొట్టొచ్చు. కోతుల గుంపుకు ఏం కొడతాం? కాపలా ఉండే ముసలివాళ్ళు తగ్గిన ఊళ్ళో గట్టు కంది ముందు పోతుంది. రాత్రి పందులు తొక్కినదాని సంగతి వేరే. ఇక నక్కవాగు వెంట కంపెనీల నీళ్ళతో చెడిన భూముల్లో పప్పుజాతి పంటల ఊసే లేదు, ఉప్పును అవి ఓర్వలేవు.

ధర చూసి కందిని ఎకరాలకెకరాలు వేసినవాళ్ళ కథా చూశాం. 2015లో పట్నంలో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరింది. మరుసటి ఏడు దేశమంతా ఎగబడి వేసింది. బోనసుతో కలిపి క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర ప్రకటించినా బజారు దానికన్నా కిందికి పడిపోయింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వమే నియంత్రిత సాగని కంది పెంచమంది. 2025-26లో మద్దతు ధర 8,000 రూపాయలైంది. ధర పడినప్పుడు పట్నం బేరగాళ్ళు, అప్పు తెచ్చి వేసిన రైతులు విలవిల్లాడారు. సాలు వేసినవాడి ఇంట్లో మాత్రం పప్పు ఉడికింది.

కాబట్టి వ్యవసాయ శాఖకు నా మనవి ఒక్కటే. ఎకరం లెక్కన కాదు, సాలు లెక్కన విత్తనం ఇవ్వండి, కిలో ప్యాకెట్లు చేయండి. కోతుల సంగతి తేల్చండి. రైతులకు చెప్పేదేమంటే, ఈ వానాకాలం పత్తి గింజ కొనేటప్పుడే ఒక కిలో కంది తెచ్చుకోండి. ఎకరం పత్తిలో సాళ్ళకు అది చాలు. తేలిక చెల్కయితే పాలెం పరిశోధనా స్థానం వాళ్ళ 'ఉజ్వల', రేగడయితే 'ఆశ'. జులై 15 దాటనివ్వకండి.