తలుపు వారన పసుపు స్టిక్కర్

పోయిన ఆదివారం టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఓ కుటుంబం మా ఇంటికి వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆరు నెలలు ఉండి వెళ్దామని గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలు. వేసవి సెలవుల్లో పెద్దవాళ్లకి కొలరాడో కొండలు చూపించాలని ఆ అబ్బాయి కోరిక. హోటల్ తిండి వాళ్లకి పడదు, అందుకని వంటా పడకా అందులోనే కుదిరే ఆర్వీ బండి కొందామనుకున్నాడు. మావారూ నేనూ పదకొండేళ్లుగా ట్రైలర్ తగిలించుకుని తిరుగుతున్నామని ఎవరో చెప్పారట.

"అక్కా, ఆరుగురం పడుకోవచ్చా? రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చా? ఎంతకి బేరమాడాలి?" వరసగా అడిగాడు. అన్నీ అడగాల్సినవే. కానీ ముందు మీ బండి చూద్దాం పద అన్నాను.

డ్రైవర్ తలుపు తీస్తే లోపలి అంచున అరచేతిలో సగం ఉండే స్టిక్కర్ ఉంటుంది, పసుపూ తెలుపూ కలిసి. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌన్లకి మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. వాళ్ల బండిది 1,350. మూడేళ్లుగా రోజూ ఆ తలుపు తీస్తున్నా ఆ అంకె ఎప్పుడూ చూడలేదన్నాడు.

షోరూంలో అతనికి చెప్పిన అంకె వేరు. మీ బండి 7,500 పౌన్లు లాగుతుంది, ఈ ట్రైలర్ 5,200, హాయిగా వెళ్లి రావచ్చు అన్నారు. ఆ 5,200 ఖాళీ ట్రైలర్ బరువు. 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే నీళ్లే 330 పౌన్లు. బియ్యం, గిన్నెలు, దుప్పట్లు, పిల్లల సైకిళ్లు ఎక్కాక 6,500కి చేరుతుంది. అందులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే లాగే బండి నడుం మీద పడాలి. 12 శాతమే అనుకున్నా 780. వాళ్లు ఆరుగురూ కలిసి 720. అక్కడికే 1,500 అయింది. హిచ్ ఇనుమూ డిక్కీలో పెట్టెలూ ఇంకా లెక్కలోకే రాలేదు. అబ్బాయి ఫోన్‌లో రెండోసారి కూడి చూసుకున్నాడు.

హిచ్ మీద బరువు తగ్గిద్దామని సామానంతా ట్రైలర్ వెనక్కి సర్దితే అది ఇంకా ప్రమాదం. మొదటి ఏడాది మేం అదే చేశాం. అమరిల్లో దాటాక పెద్ద ట్రక్కొకటి పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలికి మా ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలైంది, ఒక్కో ఊపుకీ మా బండిని వెనకనుంచి పట్టి గుంజుతున్నట్టు. అలాంటప్పుడు బ్రేకు తొక్కకూడదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, ట్రైలర్ బ్రేకు ఒక్కటే చేత్తో మెల్లగా వెయ్యాలి. మావారు అలాగే చేశారు. నిమిషం కూడా పట్టి ఉండదు, కానీ ఆ తర్వాత గంటసేపు మేమిద్దరం మాట్లాడుకోలేదు. అందుకే ఎవరొచ్చి అడిగినా ముందు ఆ తలుపు తీయిస్తాను.

పెద్దాయన మరో మాట అడిగారు. "దారిలో నడుం వాల్చాలనిపిస్తే ట్రైలర్లో పడుకోవచ్చా అమ్మా?" కుదరదండీ అన్నాను. కదిలే ట్రైలర్లో మనుషులు ఉండటానికి టెక్సస్ చట్టం ఒప్పుకోదు. వాళ్లకి ఇంజనూ ఇల్లూ ఒకటిగా ఉండే సీ క్లాస్ మోటార్‌హోమ్ నయం. బెల్టు ఉన్న సీట్లు ఆరు ఉన్నాయో లేదో మాత్రం చూసుకోవాలి, ఎంతమంది పడుకోవచ్చన్నది దాని తర్వాతి సంగతి.

వాళ్లమ్మగారిది వంట బెంగ. క్యాంపులో బండికి ఇచ్చే 30 ఆంప్‌ల కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ మూడూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అన్నం ఉడికేదాకా ఏసీ ఆపుకుంటే చాలు. తాలింపు మాత్రం బయట స్టవ్ మీదే పెట్టుకోమన్నాను. అంత చిన్న చోట ఎండుమిరపకాయ వేగిందంటే పొగ అలారం మోగి పక్క సైట్ల వాళ్లు కూడా లేచి వస్తారు. "అదెంత పని, పెరట్లో పొయ్యి పెట్టుకోలేదా మనం" అందావిడ.

ఎప్పటికైనా కొనాలనుకుంటే పాతదే చూడమన్నాను. అయితే నిచ్చెన వేసుకుని పైకప్పు చూడకుండా డబ్బు కట్టొద్దు. మేం కట్టాం. రెండో వానకి మంచం పక్క గోడ ఉబ్బింది. పైన సీలెంట్ ఎప్పుడో పగిలిపోయి ఉంది, అమ్మినవాళ్లు ఆ ఊసే ఎత్తలేదు. మూలల్లో బొటనవేలితో నొక్కి చూడాలి, బాత్రూం ముందు నేల మీద బరువంతా వేసి నిలబడాలి. మెత్తగా దిగిందంటే లోపల చెక్క కుళ్లినట్టే. టైరు పక్కన DOT అన్న అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. గాడులు కొత్తవాటిలా ఉన్నా, అంత పాత టైర్లతో హైవే ఎక్కొద్దు.

ఈ ఏడాదికి కొనొద్దు, అద్దెకి తీసుకుని లేక్ మినరల్ వెల్స్ స్టేట్ పార్కులో మూడు రాత్రులు ఉండి రండన్నాను. ఏదైనా తేడా వస్తే పొద్దు గుంకేలోగా ఇంటికి వచ్చెయ్యగలిగిన దూరం.

నిన్న రాత్రి ఆ అబ్బాయి ఫోటో పంపాడు. అద్దెకి తీసుకోబోయే మోటార్‌హోమ్ తలుపు తీసి లోపలి స్టిక్కర్ దగ్గరగా తీశాడు. దాని కింద కూడిక: అమ్మ, నాన్న, మేమిద్దరం, పిల్లలు, బియ్యం, కుక్కర్లు. అడుగున విడిగా మరో వరస, "ట్యాంకులో నీళ్లు".