‘చెప్పబడుతోంది’: ఎవరు చెప్పారు?

‘త్యాగరాజ ఈజ్ సెడ్ టు హావ్ కంపోజ్డ్ 24,000 సాంగ్స్’. ఇంగ్లీషులో వెలువడే సంగీత చరిత్రలలో ఈ తరహా వాక్యం పరిపాటి. దీన్ని తెలుగు చేయమంటే మన విద్యార్థుల నుంచి సాధారణంగా మూడు రకాల సమాధానాలు వస్తాయి. ‘త్యాగరాజు 24,000 కీర్తనలు రచించినట్లుగా చెప్పబడుతున్నాడు’ అనేది మొదటిది. ‘త్యాగరాజుచే 24,000 కీర్తనలు రచింపబడినవని చెప్పబడుచున్నది’ అనేది రెండోది. ‘త్యాగరాజు 24,000 కీర్తనలు రచించాడు’ అనేది మూడోది. మొదటి రెండింటినీ చూసి పరీక్షకులు నవ్వుకుంటారు, మూడోదానికి మార్కులు వేస్తారు. మా దృష్టిలో మూడింటిలోనూ పెద్ద దోషం మూడోదానిదే. త్యాగరాజు (1767-1847) కీర్తనలలో నేడు మనకు దక్కినవి సుమారు 700. 24,000 అన్నది సంప్రదాయం చెప్పే లెక్క. ఇంగ్లీషు రచయిత ‘సెడ్ టు’ అన్న రెండు చిన్న మాటలలో దాచుకున్న జాగ్రత్త తెలుగులోకి వచ్చేసరికి ఆవిరైపోయింది. వాక్యం సలక్షణంగానే ఉంది. చరిత్రే చెడింది.

ఇంగ్లీషులో ఈ నిర్మాణం ఎలా ఏర్పడుతుందో ముందు చూద్దాం. ‘ఇట్ ఈజ్ సెడ్ దట్...’ అని మొదలుపెట్టి లోపల ఒక పూర్తి వాక్యం పెట్టవచ్చు. అలా కాక, లోపలి వాక్యంలోని కర్తను పైకి తెచ్చి ప్రధాన వాక్యానికి కర్తగా కూర్చోబెట్టవచ్చు. అప్పుడు లోపలి క్రియ కాలాన్ని చూపే శక్తిని కోల్పోయి ‘టు’తో కూడిన ఇన్ఫినిటివ్‌గా మిగులుతుంది. జరిగిపోయిన సంగతి చెప్పాలంటే ‘టు హావ్’ అనీ, జరుగుతున్నది చెప్పాలంటే ‘టు బి’ పక్కన ‘ఇంగ్’ రూపమనీ వేరే ఏర్పాటు కావాలి. ఇంతా చేస్తే, అన్నవాళ్లెవరో వాక్యంలో ఎక్కడా కనిపించరు. లాటిన్‌లో ‘దికితుర్’ అనే క్రియతో సరిగ్గా ఇటువంటి అచ్చే ఉంది.

ఇందులో మన అనువాదకులు గమనించని విశేషం ఒకటుంది. ‘హి ఈజ్ సెడ్ టు బి రిచ్’ అనవచ్చు గాని, ‘దే సే హిమ్ టు బి రిచ్’ అనరు. ‘రూమర్డ్’, ‘రెప్యూటెడ్’ అనే మాటలకైతే నేటి వాడుకలో కర్తరి రూపమే లేదనవచ్చు. అంటే ఇది ఒక కర్తరి వాక్యాన్ని తిరగేసి చేసిన కర్మణి వాక్యం కాదు, తనంత తానుగా నిలిచిన అచ్చు. దానికి జవాబుగా తెలుగులోనూ కర్మణినే వెతకాలనడానికి ఆధారమేమీ లేదు.

ఇంగ్లీషుకు ఈ అచ్చు ఎందుకు అవసరమైంది? ఆ భాషలో వాక్యం మొదట కర్త ఉండి తీరాలి. పేరా అంతా త్యాగరాజు గురించే నడుస్తుంటే ప్రతి వాక్యమూ ఆయనతోనే మొదలైతే చదువరికి హాయి. మధ్యలో ‘పీపుల్ సే’ అని జనాన్ని తెచ్చి ముందు నిలబెడితే దారి తప్పుతుంది. కర్మణి ప్రయోగం ఆ ఇబ్బందిని తప్పిస్తుంది. వీలున్నచోటల్లా కర్తరినే వాడమని 1946లో జార్జి ఆర్వెల్ ఇంగ్లీషు రచయితలకు చేసిన హెచ్చరిక ప్రసిద్ధమే. కాని ఈ ఒక్క నిర్మాణం విషయంలో ఆ హెచ్చరికను గుడ్డిగా పాటించనక్కరలేదని మా అభిప్రాయం.

తెలుగుకు ఆ అవసరమే లేదు. ‘త్యాగరాజు 24,000 కీర్తనలు రచించాడని చెబుతారు’. త్యాగరాజు మొదటే ఉన్నాడు. చెప్పేవాళ్లు క్రియ చివరి ‘రు’లో ఒదిగిపోయారు. ‘వాళ్లు’ అని పైకి అననక్కరలేదు. ‘అని’కి ముందున్న క్రియ తన కాలాన్ని తానే మోస్తుంది: రచించాడని, రచిస్తున్నాడని, రచిస్తాడని. చేకూరి రామారావు 1975లో ప్రకటించిన ‘తెలుగు వాక్యం’ చదివిన విద్యార్థులకు అనుకృతి వాక్యాల సంగతి కొత్త కాదు. ఇంత చక్కని ఏర్పాటు ఇంట్లో ఉండగా ‘బడు’ను అద్దెకు తెచ్చుకోవడం ఎందుకు? ‘బడు’ మన వ్యాకరణాలలో లేదని కాదు. ఉంది. కాని జీవద్భాషలో అది కనబడు, వినబడు, భయపడు వంటి మాటలలో బతుకుతోంది. వాటిలో ఏదీ ఇంగ్లీషు పాసివ్ కాదు. ‘ఇందుమూలముగా తెలియజేయబడుచున్నది’ అనే కచేరీ భాషలో తప్ప ‘చెప్పబడు’ను ఎవరి నోటా మేము వినలేదు.

అసలు చిక్కు క్రియల తారతమ్యంలో ఉంది. సెడ్, బిలీవ్డ్, రిపోర్టెడ్, అలెజ్డ్, నోన్ అనేవి ఒక్క తూకపు మాటలు కావు. ‘నోన్ టు’ అన్నప్పుడు రాసినవాడు విషయం నిజమని తానే పూచీ పడుతున్నాడు. ‘బిలీవ్డ్ టు’లో ఆ పూచీ లేదు. ‘అలెజ్డ్ టు’లో దూరం మరీ ఎక్కువ, నింద మోపినవాడు వేరే ఉన్నాడు. ఈ తేడాలన్నిటినీ మన పత్రికలు ‘తెలిసింది’, ‘సమాచారం’, ‘భోగట్టా’ అనే మూడు మాటలతో నెట్టుకొస్తున్నాయి. పత్రికల్లో ‘తెలిసింది’ అంటే ‘మాకెవరో చెప్పారు’ అనే అర్థం. అందుచేత ‘నోన్ టు’ను ‘తెలిసింది’ అని అనువదిస్తే నిశ్చయం కాస్తా వదంతి అవుతుంది. అటువంటి చోట నివేదించే క్రియను వదిలేసి విషయాన్ని నేరుగా చెప్పడమో, ‘అన్నది నిర్ధారితం’ అనడమో మేలు. సంప్రదాయంగా వచ్చిన దానికి ‘ప్రతీతి’, పండితుల అంచనాకు ‘భావిస్తున్నారు’, నిందకు ‘ఆరోపణ’ ఉండనే ఉన్నాయి. భూతకాలంలో మరో మెలిక ఉంది. ‘హి వజ్ బిలీవ్డ్ టు బి డెడ్’ అంటే ‘చనిపోయాడనుకున్నారు’. తీరా చూస్తే బతికే ఉన్నాడేమో అన్న ధ్వని రెండు భాషల్లోనూ వినిపిస్తుంది. ‘చనిపోయినట్లు భావించబడెను’ అనగానే ఆ ధ్వని చచ్చిపోతుంది.

వీటన్నిటికంటే పొదుపైనది ‘అట’. ‘రేపు వస్తాడట’ అన్న ఒక్క మాటలో వార్తా ఉంది, అది నా కళ్లతో చూసింది కాదన్న ఒప్పుకోలూ ఉంది. ‘నేను నిద్రలో మాట్లాడానట’ అనవచ్చు. నా సంగతే అయినా నేను ఎరుగను గనుక. ‘ఎప్పుడొస్తాడట?’ అని అడగవచ్చు. వచ్చేవాడు నీతో ఏమన్నాడని ఆ ప్రశ్నకు అర్థం. ఇంగ్లీషు ఇన్ఫినిటివ్ నిర్మాణం ఈ రెండో పనిని ఇంత తేలికగా చేయలేదు. బయటి రాష్ట్రాల మన విద్యార్థులకు ఇది మరింత సులభంగా తెలియాలి. హోసూరులో తమిళం వినేవారికి ‘వరువారామ్’లోని ‘ఆమ్’, బళ్లారిలో కన్నడం వినేవారికి ‘బర్తానంతె’లోని ‘అంతె’ ఇదే పని చేస్తాయి. షోలాపురం తెలుగువారు మరాఠీలో ‘మ్హణే’ రోజూ వింటారు. బరంపురంవారికి ఒడియాలో ‘కుఆడే’ ఉంది. యానాంలో 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడి. ఆ ఫ్రెంచి పత్రికలు ఖాయం కాని వార్తను ‘అయితే-అయ్యేది’ వంటి కండిషనల్ క్రియారూపంతో చెబుతాయి. అక్కడా కర్మణి జోలికి పోనక్కరలేదు.

ఇంతమందికి ఇంట్లో ఉన్న సాధనం బడిలోకి ఎందుకు రాలేదు? అనువాద పాఠ్యగ్రంథాలే కారణమని మా అనుమానం. సరిహద్దు రాష్ట్రాలలో అచ్చు తెలుగు పిల్లల చేతికి చాలాచోట్ల పాఠ్యపుస్తకం రూపంలోనే చేరుతుంది. అందులో ‘భావించబడుతోంది’ అని ఉంటే అదే శిష్టభాష అనీ, అమ్మమ్మ అనే ‘అంట’ మోటు మాట అనీ ఆ పిల్లలు నిర్ణయించుకుంటారు. ఆ పుస్తకం తెలుగు నేర్పడం లేదు, ఇంట్లో వచ్చిన తెలుగును మరపిస్తోంది. ఈ మాట కటువుగా ఉన్నా అనక తప్పదు.

అలాగని సిద్ధాంత వ్యాసం నిండా ‘అట’ చల్లమని మేము చెప్పడం లేదు. దానికి చనువు ఎక్కువ, ఎగతాళి కూడా. ‘ఆయన పెద్ద పండితుడట!’ అనే మాటను ఎవరూ పొగడ్తగా తీసుకోరు. సిద్ధాంత వ్యాసంలో అన్నవాడి పేరు తెలిస్తే పేరు పెట్టాలి, ఏ పుస్తకంలో ఏ పుటలో అన్నాడో చూపాలి. అప్పుడు ‘ఫలానావారు అన్నారు’ అన్న కర్తరి వాక్యం దానంతటదే వస్తుంది. పేరు దొరకనప్పుడే ‘అంటారు’, ‘ప్రతీతి’. పేరు తెలిసీ దాచడానికి ‘చెప్పబడుతోంది’ వాడే పరిశోధకులు లేకపోలేదు. వారి బాధ వ్యాకరణానికి సంబంధించినది కాదు.

‘సపోజ్డ్ టు’ విషయంలో మాత్రం ఈ సూత్రాలు సగమే పనిచేస్తాయి. ‘షి ఈజ్ సపోజ్డ్ టు బి క్లెవర్’ అంటే ‘తెలివైనదంటారు’. ‘షి ఈజ్ సపోజ్డ్ టు కమ్ ఎట్ టెన్’ అంటే ‘పదింటికి రావాలి’. రెండో వాక్యంలో ఊహించేవారూ లేరు, చెప్పేవారూ లేరు. మాట అరిగి అరిగి విధి అర్థంలోకి జారింది. దాన్ని ‘వస్తుందని ఊహించబడుతోంది’ అని తెలుగు చేసిన విద్యార్థి నిఘంటువును చూశాడు, వాక్యాన్ని చూడలేదు.