దైవత్వానికి పోటీ: ‘డొమినియన్స్’ వ్యూహక్రీడ – గుణదోష పరిశీలన

కంప్యూటర్ క్రీడలను కథన రూపాలుగా పరిశీలించే విమర్శ తెలుగులో ఇంకా తొలిదశలోనే ఉంది. పురాణ సామగ్రిని విస్తారంగా వాడుకున్న ‘డొమినియన్స్’ అటువంటి పరిశీలనకు అనువైన కృతి. స్వీడన్‌కు చెందిన ఇల్‌వింటర్ గేమ్ డిజైన్ అనే చిన్న స్వతంత్ర సంస్థ దీనిని రూపొందించింది. యొహాన్ కార్ల్‌సన్, క్రిస్టోఫర్ ఓస్టర్‌మన్‌లు దీని ప్రధాన కర్తలు. ఆరవ కూర్పు 2024 జనవరిలో వెలువడింది.

లోకాన్ని పాలించిన సర్వేశ్వరుడు అదృశ్యమయ్యాడు. ఖాళీ అయిన ఆ పీఠం కోసం దైవత్వాన్ని ఆశించేవారు పోరాడతారు. ఆటగాడు ముందుగా తన దేవుణ్ణి తానే నిర్మించుకోవాలి. ఆ దేవుడు మహాసర్పం కావచ్చు, కదలలేని శిలారూపమూ కావచ్చు.

ఈ క్రీడలోని అత్యంత మౌలికమైన కల్పన విశ్వాసం. ప్రజల నమ్మకం ప్రాంతం నుంచి ప్రాంతానికి వ్యాపిస్తుంది. పటం మీద అది కొవ్వొత్తుల రూపంలో కనిపిస్తుంది. ఆ నమ్మకాన్ని బట్టి నేల వేడెక్కుతుంది లేదా చల్లబడుతుంది, పంటలు పెరుగుతాయి లేదా క్షీణిస్తాయి. సైన్యాలూ కోటలూ మిగిలి ఉన్నా, నమ్మేవారు లేకపోతే దేవుడు ఓడిపోతాడు. మతానికీ రాజ్యాధికారానికీ గల సంబంధాన్ని ఉపన్యాసంగా చెప్పకుండా నియమంగా మార్చడం ఇందులోని గొప్ప గుణం.

చదరంగంలో ఎత్తులు ఒకరి తరువాత ఒకరు వేస్తారు. ఇక్కడ అందరూ ఒకేసారి ఆజ్ఞలు రాసి పంపుతారు. యుద్ధం మొదలైన తరువాత జోక్యం చేసుకునే వీలు లేదు. ఒక్కొక్క సేనానికి ముందుగా ఐదు ఆజ్ఞల వరకు ఇవ్వవచ్చు. ఆపైన అతడేం చేస్తాడో యంత్రం నిర్ణయిస్తుంది. ఫలితంగా వ్యూహరచన అంతా ఊహాశక్తికి పరీక్ష అవుతుంది. అయితే ఐదో ఆజ్ఞ ముగిశాక మాంత్రికులు అనవసరమైన మంత్రాలు ప్రయోగించి అలసిపోవడం ఆటగాళ్లకు సుపరిచితమే.

దోషాలు చిన్నవి కావు. యంత్రం నడిపే ప్రత్యర్థులు బలహీనులు. మనుషులతో ఆడితే గాని ఈ క్రీడ లోతు తెలియదు, అలా ఆడితే ఒక్క ఆటకు నెలలు పడుతుంది. చివరి దశలో వందల సేనానులను, ఆయుధాల తయారీని, నెలనెలా జరిపే క్రతువులను చూసుకోవడం గుమాస్తా పనిని తలపిస్తుంది. వందల పుటల కరదీపిక లేకుండా కొత్తవారు అడుగుపెట్టలేరు.

తెలుగు పరిశోధకులకు మరింత ముఖ్యమైనది భారతీయ సామగ్రి. తొలియుగంలో యక్షుల కైలాసం, రాక్షసుల లంక ఉంటాయి. మధ్యయుగంలో కోతుల ‘బందర్ లాగ్’, చివరి యుగంలో నాగుల పాతాళం వస్తాయి. దివ్యులు తొలగి లోకం క్రమంగా దిగజారే ఈ వరుస యుగధర్మ భావనకు దగ్గరగా ఉంది. పదాల వాడుకలో మాత్రం అజాగ్రత్త స్పష్టం. అమరకోశంలో మర్కట, వానర శబ్దాలు పర్యాయపదాలు. ఈ క్రీడలో అవి వేర్వేరు కులాలు. అడవి అనే అర్థం గల ‘అటవి’ ఒక కోతిజాతి పేరైంది. ‘బందర్ లాగ్’ కిప్లింగ్ 1894 నాటి ‘జంగిల్ బుక్’ నుంచి వచ్చింది. అక్కడ ఆ పేరు నాయకుడూ నియమమూ లేని గుంపుకు చెందినది. రామాయణ వానరులకు రాజు, మంత్రులు, రాయబారి ఉన్నారు. క్రీడలోని కోతులకూ వ్యవస్థీకృతమైన రాజ్యమే ఉంది. అంటే విషయం రామాయణానికి దగ్గరగా ఉండగా పేరు వలసకాలపు హేళనను మోస్తున్నది. గ్రీకు, నార్స్ గాథలను కూడా కర్తలు ఇలాగే కలగలిపారు గనుక దీనిని ప్రత్యేక ద్వేషంగా చూడడం సరికాదు. అయినా పేరు తెచ్చే అర్థభారం తగ్గదు.

లంక విషయంలో లోపం పేరుతో ఆగదు. ఆ రాజ్యానికి ప్రధాన బలం నరబలితో ముడిపడిన రక్తమాంత్రికం. 1958 నాటి ‘భూకైలాస్’లో ఆత్మలింగం కోసం తపించిన రావణుణ్ణి తెలుగు ప్రేక్షకులు ఆదరించారు. పాండిత్యం, వీణావాదనం, శివభక్తి కలిసిన ఆ పాత్ర సంక్లిష్టతలో కొంతైనా లంక నియమాలలోకి వచ్చి ఉంటే, ఆ రాజ్యాన్ని నడిపే ఆటగాడికి రక్తబలి ఒక్కటే సహజమైన దారిగా తోచేది కాదు.