మూర్ఛ అంటే ఏ జబ్బు? - ఆసుపత్రి కాగితాల భాషపై ఒక విమర్శ

మీ ఇంట్లో ఏ బీరువా అరలోనో, పాత ప్లాస్టిక్ సంచిలోనో ఆసుపత్రి కాగితాలు కొన్ని వుండే వుంటాయి. ఒకటి బయటికి తీసి, పాఠం చదివినట్టు చదివి చూడండి. పైన 'సి/ఓ', దాని కింద 'హెచ్/ఓ', మందుల పక్కన 'ఓ.డి.', 'బి.డి.', 'టి.డి.ఎస్.', ఎక్కడో ఒక మూల 'ఎన్.ఏ.డి.' అని వుంటుంది. మొదటిది రోగి చెప్పుకున్న బాధ, రెండోది జబ్బు పూర్వకథ. తరువాతి మూడూ రోజుకు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు అని చెప్పే లాటిన్ పొడి అక్షరాలు. చివరిదానికి 'తేడా ఏమీ కనిపించలేదు' అని అర్థం. ఎవరి గురించి రాశారో ఆ మనిషికి తప్ప తక్కిన వాళ్ళందరికీ అర్థమయ్యే రచన ఇది. 'రచన' అని కావాలనే అంటున్నాను. కథనూ, నాటకాన్నీ విమర్శించినట్టే దీన్నీ విమర్శించాలి. కథలో మాట తప్పితే కథే చెడుతుంది. ఇక్కడ మనిషికే ముప్పు.

పొడి అక్షరాల సంగతి త్వరగా చెప్పేస్తాను. మన దేశంలో 'ఓ.డి.' అంటే రోజుకు ఒకసారి. కంటి డాక్టర్ల రాతలో అదే కుడి కన్ను. 'ఎమ్.ఎస్.' అంటే మార్ఫిన్ సల్ఫేటు కావచ్చు, మెగ్నీషియం సల్ఫేటూ కావచ్చు. ఇన్సులిన్ 10 యూనిట్లు అనడానికి 10 పక్కన ఇంగ్లీషు 'యు' గిలికితే, అది సున్నాలా కనిపించి 100 అవుతుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ఇలాంటి పొడి రాతలు కొన్నిటిని 'వాడకూడనివి' అంటూ జాబితా వేసింది. మన భారత వైద్య మండలి 2016లో మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయమంది. మంచిదే. కానీ చేతిరాత బాగుపడితే భాష బాగుపడుతుందా?

జాముల్ పేరు విన్నారా? ఛత్తీస్‌గఢ్‌లో దుర్గ్ జిల్లాలో, భిలాయి ఉక్కు నగరాన్ని ఆనుకుని వున్న సిమెంటు కర్మాగారం వూరు. భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో మొదలైంది. ఆ తరువాత పని కోసం ఆ వైపు వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో వున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, ఆసుపత్రి కాగితం మీద ఇంగ్లీషు.

అక్కడ ఒక నాయనమ్మను వూహించుకోండి. శ్రీకాకుళం వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చింది. ఇంట్లో ఎవరూ లేని సమయంలో మనవడు దబ్బున పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. ఆసుపత్రిలో ఆవిడ చెప్పగలిగింది ఒకటే మాట: 'మూర్ఛ, బాబూ, మూర్ఛ!' డాక్టరుకు తెలుగు రాదు. కానీ ఈ మాట తెలుసు. హిందీలోనూ 'మూర్ఛా' వుంది గదా! చిక్కల్లా అక్కడే. హిందీలో దానికి సొమ్మసిల్లడం అని అర్థం. మనం మూర్ఛవ్యాధి అనేదాన్ని వాళ్ళు 'మిర్గీ' అంటారు.

ఈ రెండిటికీ తేడా చిన్నది కాదు. సొమ్మసిల్లడమంటే మెదడుకు రక్తప్రసరణ కాసేపు తగ్గిపోవడం. పడుకోబెడితే సాధారణంగా నిమిషం లోపే తెలివి వస్తుంది. గుండె లయలో లోపం వంటి కారణం లేకపోతే చాలామందికి మందే అక్కర్లేదు. మూర్ఛవ్యాధిలో జరిగేది వేరు. మెదడులోని నాడీకణాల గుంపులు ఒక్కుమ్మడిగా, అదుపు లేకుండా విద్యుత్ సంకేతాలు వెలువరిస్తాయి. దానికి ఏళ్ళ తరబడి మందు వాడవలసి రావచ్చు. వున్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. అదే పెద్దవాడయి, క్రేను నడిపే కార్మికుడైతే, ఈ రెండు మాటలలో ఏది రాశారన్నదాన్ని బట్టి అతని వుద్యోగం కూడా వుంటుంది, పోతుంది.

కాగితం మీద పడ్డాక మాట అంకె అవుతుంది. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో సొమ్మసిల్లడానికి 'ఆర్ 55', మూర్ఛవ్యాధికి 'జి 40'. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను 2021 సెప్టెంబరులో దేశమంతటికీ ప్రారంభించారు. అందులో చేరినవారికి 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఇస్తారు. రోగి ఒప్పుకుంటే అతని వివరాలు ఏ వూరి ఆసుపత్రికైనా చేరతాయి. వివరాలతో పాటు తప్పు కూడా చేరుతుంది, అదీ చక్కగా టైపు చేసిన అక్షరాలలో.

ఇంకో విచిత్రం చూడండి. 'ఫలానా నాయకుడు అపస్మారక స్థితిలో వున్నారు' అని మన పత్రికలు రాస్తాయి. అంటే స్పృహ లేదని. కానీ చరక సంహితలో 'అపస్మారం' మూర్ఛవ్యాధి పేరు, 'మూర్ఛ' స్పృహ తప్పడం. హిందీ ఆ అర్థాలనే నిలుపుకుంది. తెలుగు వాడుక రెండిటినీ దాదాపు తారుమారు చేసింది. దాదాపు అనడం ఎందుకంటే, 'మూర్ఛపోయింది' అన్నప్పుడు మనమూ పాత అర్థంలోనే వాడతాం!

1961లో ఏర్పడిన శాస్త్ర, సాంకేతిక పారిభాషిక పదాల సంఘం ఒక సూత్రం పెట్టుకుంది: వీలైనన్ని భారతీయ భాషలలో వున్న, సంస్కృత మూలం గల మాటలకు ప్రాధాన్యం ఇవ్వాలని. భౌతికశాస్త్రం వరకు ఇది చాలావరకు నడుస్తుంది. వైద్యంలో మాత్రం ప్రమాదం. మాట ఒకటే అయినంత మాత్రాన అర్థం ఒకటే కాదు. 'ఫిట్స్' అనే మాటను మన పల్లెల్లో కూడా ఎరుగుదురు. దానితో ఈ గందరగోళం లేదు. అనువాదకుడిగా నా ఓటు ఆ పరాయి మాటకే.

'అక్యూట్' సంగతీ ఇంతే. దాన్ని 'తీవ్ర' అని తెలిగిస్తున్నారు. 'సివియర్'నూ 'తీవ్ర' అనే అంటున్నారు. అక్యూట్ అంటే హఠాత్తుగా వచ్చి కొద్దికాలం వుండేది. అది స్వల్పంగానూ వుండవచ్చు. రెండు రోజుల మామూలు విరేచనాలు కూడా అక్యూటే. 'తీవ్ర' అని చదివిన తల్లి గుండె గుభేలుమంటుంది. 'ఆకస్మిక' అంటే సరిపోయేది. ఇక 'నరం' మనకు రక్తనాళమూ అవుతుంది, నాడీ అవుతుంది. హిందీ 'నస్' కూడా అంతే. 'వేడి చేసింది' అన్న మాటకైతే ఏ వర్గీకరణలోనూ గడి లేదు. నోటిపూతా, మూత్రంలో మంటా అన్నీ అందులోనే!

ఇది మన ఒక్కరి బాధ కాదు. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో 18 ఏళ్ళ కుర్రవాణ్ణి స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. ఇంటివాళ్ళు 'ఇంటాక్సికాడో' అన్నారు. వాళ్ళ క్యూబా స్పానిష్‌లో తిన్నదో తాగినదో పడలేదని అర్థం. డాక్టర్లకు అది ఇంగ్లీషు 'ఇంటాక్సికేటెడ్'లా వినిపించింది. మత్తుమందు ఎక్కువైందని వైద్యం చేశారు. అసలు సంగతి మెదడులో రక్తస్రావం. అది బయటపడేసరికి కాళ్ళూ చేతులూ శాశ్వతంగా పడిపోయాయి. బొత్తిగా తెలియని మాట అయివుంటే డాక్టర్లు అడిగి తెలుసుకునేవారు. తెలిసినట్టు వుండబట్టే అడగలేదు.

కనుక మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే జబ్బు పేరు చెప్పకండి, చూసింది చెప్పండి. ఎంతసేపు వుంది? ఒళ్ళు బిగుసుకుందా? నాలుక కరుచుకున్నాడా? బట్టల్లో మూత్రం పోయిందా? లేచాక ఎంతసేపటికి మిమ్మల్ని గుర్తుపట్టాడు? డాక్టర్లకూ ఒక మాట. రోగి బాధను అతని మాటల్లోనే రాసుకోవాలని వైద్య కళాశాలల్లో నేర్పుతారు. 'సి/ఓ' ఎదుట ఆ మాటను తెలుగులోనో హిందీలోనో విన్నది విన్నట్టు రాసి, దాని పక్కన 'ఆర్ 55'ను గాని 'జి 40'ని గాని వేస్తే, రేపు తెలుగు తెలిసిన నర్సు ఎవరైనా ఆ కాగితం చూసి, 'ఇది సొమ్మసిల్లడం కాదండీ' అని చెప్పగలుగుతుంది.