ఒక్క బిట్టు పనితనం

పాన్ నంబరును పద్ధతిగా టైపు చేసేవాళ్లు తక్కువ. ఫోన్లో వేలికి ఏది తగిలితే అది. చిన్నవీ పెద్దవీ కలగాపులగం. ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఇంకో అక్షరం. సీ భాషలో రాసిన ప్రోగ్రామైతే ఆ పదింటినీ ఒక్కొక్కటిగా టుఅప్పర్ అనే బుల్లి ఫంక్షన్‌కి అందిస్తే చాలు, అక్షరాలన్నీ క్యాపిటల్స్‌లోకి వచ్చేస్తాయి. దీని వెనకున్న లెక్క చూస్తే ముచ్చటేస్తుంది. అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ఆస్కీ పట్టికలో స్మాల్ ‘ఏ’ విలువ 97, క్యాపిటల్ ‘ఏ’ది 65. ‘జెడ్’కి 122, 90. ఏ అక్షరం తీసుకున్నా తేడా 32, అంటే బైనరీలో ఒకే ఒక్క బిట్టు. 1100001లో ఎడమ నుంచి రెండో ఒకటిని సున్నా చేస్తే 1000001. స్మాల్ ‘ఏ’ కాస్తా క్యాపిటల్ అయిపోయింది. (మన తెలుగు అక్షరాలకు ఈ బాదరబందీ లేదనుకోండి.) అంతకన్నా నాకు నచ్చేది టుఅప్పర్ నిగ్రహం. అంకె ఇస్తే అంకెనే, హైఫన్ ఇస్తే హైఫన్‌నే తిరిగిస్తుంది. అదే మనం గుడ్డిగా అన్నిట్లోంచీ 32 తీసేశామా, 55గా ఉన్న ‘7’ 23కి పడిపోయి తెరమీద కనబడని కంట్రోల్ క్యారెక్టరవుతుంది. పైగా టుఅప్పర్ మనమిచ్చిన అసలు అక్షరం జోలికి పోదు. మార్చినదాన్ని చేతిలో పెడుతుంది, దాచుకోవడం మన పని. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక్క మాట: దేన్నిచ్చినా ముందు అన్‌సైన్డ్ క్యార్‌గా మార్చి ఇవ్వండి. ఈవోఎఫ్ (ఫైలు ముగింపు గుర్తు) కాని నెగటివ్ విలువ వెళ్తే ఏమవుతుందో సీ ప్రమాణం హామీ ఇవ్వదు.