గడువు వేరు, కంగారు వేరు

శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగును ఊరబెట్టి తయారుచేసుకుంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ల కుండలో వేసి వదిలేస్తే రెండు మూడు వారాలకు గానీ అది పనికి రాదు. గంజి పోయేలా ఉతికిన నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగును అటూ ఇటూ పాకనివ్వదు. కరక్కాయలోని వగరు ఇనుపనీటిని పట్టుకుని నలుపు తేలుస్తుంది. ఆ తర్వాతే చింతపుల్లల బొగ్గుతో గీత, దాని మీద వెదురు కలం. కలానికి చుట్టిన చుట్టను వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. ఒక్క చుక్క ఎక్కువ జారిందా, అక్కడే నల్లబడి కూర్చుంటుంది, ఇక చెరపడం కుదరదు. నిత్యం మనల్ని తరిమే తొందర గురించి ఆలోచించడానికి ఇంతకన్నా మంచి పని దొరకదు. ఓర్పు ఇక్కడ మంచివాళ్ల సుగుణం కాదు, అది లేకపోతే గుడ్డే రాదు.

అలాగని ఇది తీరుబడిగా సాగే పనీ కాదు. ఒక గుడ్డ నానుతుంటే ఇంకోదాని మీద గీత నడుస్తుంది, మరొకటి ఉడుకుతుంటుంది. అద్దకం పనికి గడువులూ కొత్తవి కావు. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టింది, డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చారు. తెరచాప ఓడ గాలివాటు చూసుకుని కదులుతుంది కనుక అద్దకపు సరుకు ఆలోగా రేవుకు చేరాలి. దాన్ని గడువంటారు. దానికో కారణం ఉంది, దాటితే ఎంత నష్టమో లెక్క ఉంది. కంగారుకు ఆ రెండూ ఉండవు. ఈ పనిలో ఉన్నవాణ్ణి పట్టుకుని రాబోయే పనిలోకి ఈడుస్తుంది, అక్కడికి చేరాక ఆ పై పనిలోకి ఈడుస్తుంది. గడువు చేతికి పని చెబుతుంది, కంగారు చేతిలో ఉన్న పనిని మరిపిస్తుంది. మనం వదులుకోవాల్సింది రెండోదాన్నే.

ఈ రెంటినీ మనసు ఇట్టే కలిపేసుకుంటుంది. మెంగ్ ఝూ, యాంగ్ యాంగ్, క్రిస్టఫర్ షీ అనే పరిశోధకులు 2018లో జర్నల్ ఆఫ్ కన్జ్యూమర్ రీసెర్చ్‌లో కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. రెండు పనులిచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. ప్రతిఫలం తక్కువగా ఉన్న పనికి, త్వరలో ముగిసిపోతుందంటూ ఒక గడువు తగిలించారు. నిజానికి ఆ గడువు వల్ల ఎవరికీ ఒరిగేదీ తరిగేదీ లేదు. అయినా అది తగిలించగానే ఆ పని వైపు మొగ్గినవాళ్లు పెరిగారు. గడియారం చూపిస్తే చాలు, లాభనష్టాల లెక్క పక్కకు పోతుందన్నమాట. ‘ఇంకా రెండే మిగిలాయి’ అని ఎర్రక్షరాల్లో హెచ్చరించే దుకాణం, చదివేసినట్టు నీలి టిక్కులు చూపించి జవాబు కోసం పోరే వాట్సాప్, నిమిషాల్లో ఉప్పూ పప్పూ గుమ్మంలో పెడతామనే యాప్, అన్నీ ఈ బలహీనత మీదే బతుకుతున్నాయి. వీటిలో చాలావాటికి వెనక ఓడా లేదు, గాలీ లేదు.

ఆలస్యం అమృతం విషం అన్నది కూడా మన సామెతే కదా అనవచ్చు. నిజమే. ప్రాణం మీదికొస్తే తాత్సారం పనికిరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలైంది అందుకే. కానీ గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కే పద్ధతి చూడండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని నేర్పుతారు. 100కు తగ్గితే చాలదు, 120 దాటినా మేలు కాదు. మరీ వేగంగా నొక్కితే లోతు తగ్గుతుంది, ఛాతీ పూర్తిగా పైకి లేవదు, గుండెలో మళ్లీ రక్తం నిండే వ్యవధి ఉండదు. అంతటి అత్యవసరంలోనూ వేగానికి పైహద్దు ఉంది. నొక్కేవాళ్లు అంకెలు పైకి లెక్కపెడుతూ, ఈ నొక్కు మీదే మనసు పెడతారు. చురుగ్గా చేయడానికీ కంగారుగా చేయడానికీ ఉన్న తేడా అదే.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. నిదానం కడుపు నిండినవాళ్ల ముచ్చట, ముక్కకింతని కూలి తీసుకునేవాడికి ‘ఈ క్షణంలో ఉండు’ అని చెప్పడం ఎగతాళి అంటారు. దీన్ని కొట్టిపారేయలేం. కూలి మీద ఆధారపడ్డవాడి నెత్తిన కూర్చున్న ఒత్తిడి కళ్లు మూసుకుంటే దిగిపోదు. అందుకే ఈ మాట ముందు చెప్పాల్సింది చేసేవాడికి కాదు, చేయించుకునేవాడికి. వారాలు పట్టే గుడ్డను నాలుగు రోజుల్లో తెమ్మంటే కరక్కాయ పోయి రసాయనం వస్తుంది, కలం పోయి స్క్రీన్ ప్రింటు వస్తుంది, పేరు మాత్రం కలంకారీగానే ఉండిపోతుంది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు పేరుకు కాపలా కాయగలదేమో గానీ కొనేవాడికి ఓపిక నేర్పలేదు. స్క్రీన్ ప్రింటును తప్పు పట్టనక్కర్లేదు, అది చవగ్గా నలుగురికీ అందుతుంది. దాన్ని దాని పేరుతో కొనుక్కుంటే చాలు.

కలంకారీలో ఎరుపు రావాల్సిన చోట పటికనీళ్లు పూస్తారు. పూసేటప్పుడు ఆ ఎరుపు అక్కడ ఉండదు. మంజిష్ఠ లాంటి వేర్ల రంగునీటిలో గుడ్డను ఉడికించాకే పైకి తేలుతుంది. ఫలితాన్ని ముందే తొంగిచూడాలన్న ఆత్రం అక్కడ చెల్లదు, పూత సమంగా పడుతోందా లేదా అన్నదొక్కటే చేతిలో ఉంటుంది. పిల్లల చదువైనా, ఒంటి ఆరోగ్యమైనా మన పనుల్లో చాలావాటి రంగు ఇలా ఆలస్యంగా తేలేదే. కాబట్టి ఏదైనా వెనకనుంచి తరుముతున్నప్పుడు ఒక్క మాట అడిగి చూడాలి: ఈ తేదీ ఎవరు పెట్టారు, దాటితే పోయేదేమిటి? జవాబు దొరికితే అది గడువు, లేచి ఆ పని చూడాల్సిందే. దొరక్కపోతే కలం ఎత్తనక్కర్లేదు, మొదలుపెట్టిన గీతను చివరిదాకా లాగవచ్చు.