పడితే...

2024 ఫిబ్రవరి మొదట్లో, మినియాపోలిస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు ఒక ఫోటో పంపించాడు. రెండు పక్కలా ఎండిపోయిన గోధుమరంగు గడ్డి. మధ్యలో తెల్లటి పట్టీ ఒకటి, మెలికలు తిరిగిన సిమెంటు రోడ్డులాగా. దాని మీద నలుగురైదుగురు, కాళ్ళకు సన్నటి పొడుగాటి స్కీలు, చేతుల్లో కర్రలు. కింద ఒక వాక్యం: "మంచు ల్యా అన్నా, మిషన్లతో చేసి పోసినారు."

వాడు ఆడేది సినిమాల్లో చూపించే స్కీయింగ్ కాదు. కొండ మీదినుంచి సర్రున జారడం ఉండదు. చదును నేల మీదా, చిన్నచిన్న ఎగుడుదిగుళ్ళ మీదా తన కాళ్ళూ చేతుల బలంతోనే మైళ్ళకు మైళ్ళు పోవాలి. క్రాస్ కంట్రీ అంటారు. వాడు అక్కడికి పోయిన మూడో ఏడు నేర్చుకున్నాడు. ఆ చలికాలం మాత్రం మిన్నెసోటాలో మంచు సరిగా పడలేదు. జనవరంతా వాడు ఫోన్లో మాట్లాడిన ప్రతిసారీ ఒకటే మాట: "మంచు పడితే ఈ శనివారం పోదామనుకుంటాండాం." "పడితే ఆ పోటీ జరగతాది." "పడితే చూడాల."

కడపలో కూచుని వింటుంటే నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆ మాట ఎక్కడో తగిలింది. పడితే. ఇది మా ఇంట్లో మాటే. వాన పడితే. పదును పడితే. బోరులో నీళ్ళు పడితే. మా నాయన జీవితమంతా ఈ ఒక్క క్రియాపదం మీద నడిచింది. ఆకాశం నుంచి పడేదానికీ, ఆరొందల అడుగుల కింద తగిలేదానికీ కూడా మనకు 'పడడమే'. చివర్న ఆ 'తే' ఒకటి వేలాడుతూ ఉంటుంది.

ఈ వ్యాసం ఆ 'తే' గురించి. అంతకంటే ముందు, నేను చేసిన ఒక తప్పు గురించి.

ఎనిమిదేళ్ళ కిందట మా జిల్లా రచయిత ఒకాయన కథల పుస్తకం మీద సమీక్ష రాశాను. పేరు చెప్పను, ఆయన అడగలేదు కాబట్టి. అందులో ఒక వాక్యం రాసి చాలా సంతోషపడ్డాను: మళ్ళీ అదే కరువు, మళ్ళీ అదే ఆకాశం వైపు చూసే రైతు అని. హైదరాబాదు మిత్రులు మెచ్చుకున్నారు. ఎవరో ఒకరు అనాల్సిన మాటే అన్నావన్నారు. ఏడాది తర్వాత కడపలో బ్రౌన్ గ్రంథాలయం దగ్గర ఒక సభలో ఆయన కనిపించాడు. తప్పించుకుందామనుకున్నాను, కుదరలేదు. ఆయన కోపంగా ఏమీ లేడు. టీ గ్లాసు చేతికిచ్చి అన్నాడు: "అబ్బీ, నువ్వు రాసిండేది చదివినా. బాగనే రాసినావు. అయితే నేను రాసింది కరువు గురించి కాదబ్బీ. కరువొచ్చిందని తెలిసిపోతే ఇంగేముండాది, యాడికన్నా ఎల్లిపోవచ్చు. వస్తాదో రాదో తెలీకుండా కూచోనుండేది ఉంది చూడు, నేను రాసింది అది."

ఆరోజు ఆ మాట మర్యాదగా విని తలూపాను. అర్థమైంది మాత్రం మా తమ్ముడి ఫోటో చూసినప్పుడే.

సీమ కథ మీద మనకు ఒక అలవాటైన ఫిర్యాదు ఉంది. కరువూ ఫ్యాక్షనూ తప్ప ఇంకేం లేవా అని. విమర్శలో 'కరువు' అనే మాటను ఒక సంఘటనలాగా వాడతాం. 1876లో వచ్చిన ధాతు కరువులాగా, ఒక మొదలూ ఒక ముగింపూ ఉన్న విపత్తులాగా. కానీ కడప జిల్లాలో ఏడాదికి సగటున ఏడువందల మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. ఎడారి కాదు. కష్టమంతా ఆ 'సగటు' అనే మాటలోనే ఉంది. మృగశిరలో రావాల్సింది హస్తలో వస్తుంది. నెలరోజుల్లో రావాల్సింది ఒక్క రాత్రిలో వస్తుంది. 2021 నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయింది ఈ 'కరువు జిల్లా'లోనే. మన విమర్శలో ఆ వరదను పెట్టుకోవడానికి గూడు లేదు. కరువు అనే మాట దానికి సరిపోదు. నమ్మకం లేని వాన అనే మాట సరిపోతుంది.

కథకులకు ఇది ముందే తెలుసు. రంగశాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి కథల సంపుటికి 1996లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చినప్పుడు కూడా ఆయన్ని మనం 'కరువు నేల కథకుడు' అనే చదువుకున్నాం. ఆయన కథల పేర్లు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. 'నమ్ముకున్న నేల', 'వాన కురిస్తే'. ఒకదాంట్లో నమ్మకం, ఇంకోదాంట్లో షరతు. వాన కురవలేదు అనలేదాయన. కురిసింది అనీ అనలేదు. అనంతపురం వైపునుంచి సింగమనేని నారాయణ తన కథకు 'జూదం' అని పేరు పెట్టాడు. జూదంలో ఓడిపోవడం ఒక్కటే కాదు, గెలవొచ్చు అనే ఆశ కూడా ఉంటుంది. ఆ ఆశే మనిషిని బల్ల ముందునుంచి లేవనియ్యదు. పేర్లలోనే ఇంత స్పష్టంగా చెప్పినా మనం కరువు అని చదువుకున్నామంటే లోపం కథల్లో లేదు.

ఇప్పుడు మంచు దగ్గరికి. స్వీడన్‌లో వాసలోపెట్ అనే పోటీ ఉంది. 1922 నుంచి జరుగుతోంది, తొంభై కిలోమీటర్లు. 1932, 1934, 1990 సంవత్సరాల్లో మంచు లేక ఆగిపోయింది. అమెరికాలో విస్కాన్సిన్‌లో జరిగే బిర్కెబైనర్ 2017లో రద్దయింది. 2024లో అడవిగుండా పోవాల్సిన దారి వదిలేసి, చేసిన మంచు పరిచిన పది కిలోమీటర్ల చుట్టులోనే మళ్ళీమళ్ళీ తిరిగారు. మన దేశంలోనూ అంతే. 2025లో గుల్మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి జరిగాయి.

ఈ ఆటగాళ్ళ మాటలు వింటుంటే నాకు మా ఊరి రచ్చబండే గుర్తొస్తుంది. మంచును బట్టి స్కీ అడుగున మైనం రాసుకుంటారట. గట్టి చలికి ఆకుపచ్చది, కొంచెం తగ్గితే నీలం, ఇంకా తగ్గితే ఎరుపు. కరిగి మళ్ళీ గడ్డకట్టిన మంచుకైతే క్లిస్టర్ అని జిగురులాంటిది. పొద్దున్నే బయటికొచ్చి మంచును చేత్తో ముట్టుకుని తేల్చుకుంటారు. మా నాయన వాన వెలిసినాక చేన్లోకి పోయి పిడికెడు మన్ను తీసి నొక్కేవాడు. ఉండ అయితే పదును చాలు, పొడిపొడిగా రాలితే చాలదు. చేతికి మన్ను అంటుకుంటే ఎక్కువ. నమ్మకం లేని ఆకాశం కింద బతికేవాళ్ళకు వేళ్ళల్లో ఒక తెలివి వస్తుంది. అది దైన్యం కాదు, విద్య. మన విమర్శ ఆకాశం వైపు చూసే కళ్ళను మాత్రమే చూసింది, మన్ను నొక్కే పిడికిలిని చూడలేదు.

పోలిక ఎక్కడ తెగిపోతుందో కూడా చెప్పాలి, లేకపోతే ఇది అన్యాయం అవుతుంది. మా తమ్ముడికి మంచు పడకపోతే స్కీలు గ్యారేజీలో ఉంటాయి. మా నాయనకు వాన పడకపోతే బంగారం బ్యాంకులో ఉంటుంది. ఒకటి ఆట, ఇంకోటి అన్నం. ఆటలో ఓడినవాడు వచ్చే ఏడు వస్తాడు. సేద్యంలో ఓడినవాళ్ళు కొందరు మళ్ళీ రాలేదు, వాళ్ళ పేర్లు ఊరూరా ఉన్నాయి. అయితే ఈ గీత అనుకున్నంత నున్నగా లేదు. గుల్మార్గ్‌లో గుర్రాలు తోలేవాళ్ళకు, స్లెడ్జ్ లాగేవాళ్ళకు మంచంటే ఆట కాదు, ఆ నెల బియ్యం.

పడకపోతే ఏం చెయ్యాలి? మనుషులు ఎక్కడైనా మూడే దార్లు కనిపెట్టినట్టున్నారు. దాచుకోవడం, వేరేదాంతో సరిపెట్టుకోవడం, వెతుక్కుంటూ పోవడం.

దాచుకోవడం: స్విట్జర్లాండ్‌లో దావోస్ అనే ఊళ్ళో చలికాలం మంచును గుట్టపోసి, మీద రంపపు పొట్టు మందంగా కప్పుతారు. వేసవంతా అలాగే కాపాడి అక్టోబరు చివర్లో తీసి దారి పరుస్తారు. ఇది చదివినప్పుడు నాకు పోరుమామిళ్ళ గుర్తొచ్చింది. అక్కడి చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, వేయించాడు. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో లెక్కపెట్టి చెప్పారు. వెయ్యిమంది కూలీలూ వంద బండ్లూ రెండేళ్ళు పనిచేసిన సంగతి కూడా ఉంది. నన్ను ఆపేసింది ఆ దోషాల జాబితాలో రెండు. నీళ్ళు తక్కువై నేల ఎక్కువ కావడం ఒక దోషం. నేల తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం ఇంకో దోషం. కరువునూ వరదనూ ఒకే జాబితాలో, ఒకే ఊపిరిలో చెప్పిన వాక్యం అది. ఆరున్నర శతాబ్దాల కిందట శాసనం చెక్కించినవాళ్ళకున్న సమతూకం, సమీక్ష రాసినప్పుడు నాకు లేదు.

సరిపెట్టుకోవడం: చక్రాలు బిగించిన స్కీలతో తారురోడ్డు మీద సాధన చెయ్యడం. నార్వే వాళ్ళు కూడా ఎండాకాలం అదే చేస్తారు. కర్ణాటకలో కొడగు నుంచి వచ్చిన భవానీ తెక్కడ నంజుండ ఈ ఆటలో దేశం తరఫున ప్రపంచ పోటీలకు పోయింది. కాఫీ తోటల ఊరినుంచి మంచు మీదికి. మనకైతే బోరు. మిషన్ మంచుకైనా గాలి చల్లగా ఉంటేనే పని జరుగుతుంది. బోరుకైనా కింద నీళ్ళు ఉంటేనే. 'తే'ని తప్పించుకుందామని డబ్బు పెడతాం, అది ఇంకో చోట మొలుస్తుంది.

వెతుక్కుంటూ పోవడం: దీనికి మన దగ్గర నవలే ఉంది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం', 2019లో తానా నవలల పోటీ బహుమతి పొందింది. వానల్లేక మేత అయిపోతే గొర్ల కాపర్లు మందను నల్లమలలోకి తోలుకుపోవడాన్నే కొండపొలం పోవడం అంటారు. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు వాళ్ళతో పోతాడు. ఈ నవలను మనలో చాలామంది అడవి నవలగా, సాహస నవలగా మెచ్చుకున్నారు. కరువు నవల అని ఎవరూ విసుక్కోలేదు. ఎందుకంటే అందులో కరువు కూచుని లేదు, నడుస్తోంది. నీళ్ళెక్కడ, మేతెక్కడ, పులెక్కడ అని చదువుకుంటూ నడిచే మనుషులు అందులో ఉన్నారు. 2021లో వచ్చిన సినిమా ఆ కుర్రాడిని చివరికి అటవీ అధికారిని చేసి మనల్ని తృప్తిపరిచింది. నాకు ఆ తృప్తి మీదే అనుమానం. ఉద్యోగం వచ్చింది సరే, మరుసటేడు మంద సంగతేంటి? సినిమాకు ముగింపు కావాలి. వానకు ముగింపు లేదు.

ఇక్కడే నా తప్పు పూర్తిగా కనిపించింది. నడిచే కథను మెచ్చుకోవడం సులువు. కూచున్న కథను చదవడం కష్టం. ఆ పెద్దాయన పుస్తకం మళ్ళీ తీసి చదివాను. అందులో ఒక కథ ఉంది. ఇంట్లో విత్తనానికని రెండు మూటల బుడ్డలు పెట్టుకుంటారు. చినుకు కోసం చూస్తుంటారు. అమ్ముకుంటే అప్పు వడ్డీ తీరుతుంది, తింటే పిల్లలకు సరిపోతుంది, వేస్తే ఏమవుతుందో తెలీదు. రోజూ రాత్రి ఇంటామె మూటలు ముట్టుకుని చూసి పడుకుంటుంది. అంతే కథ. అప్పట్లో దాన్ని 'ఏమీ జరగని కథ' అన్నాను. జనవరి రాత్రుళ్ళు మంచు లేకపోయినా స్కీలకు మైనం పట్టించి గోడకు ఆనించిపెట్టుకున్నానని మా తమ్ముడు చెప్తే మాత్రం 'పాపం' అన్నాను. ఆమె చెయ్యి మూట మీద ఆగడం కూడా అదే. జరగకపోవడమే అక్కడ జరుగుతున్న సంగతి.

చలి దేశాల రచయితలు ఇప్పుడిప్పుడే రాని మంచు గురించి రాయడం మొదలుపెడుతున్నారు. వాటిని మనం వాతావరణ సాహిత్యం అని గౌరవంగా పిలుస్తున్నాం, ఇంగ్లీషులో దొరికితే కొని చదువుతున్నాం. అదే పని మా వైపు యాభై ఏళ్ళుగా చేస్తుంటే ప్రాంతీయ కథ అన్నాం, ఇంక చాలు అన్నాం. బెంగళూరులోనో హైదరాబాదులోనో ట్యాంకరు కోసం గ్రూపులో మెసేజీలు పెట్టుకుంటూ ఇది చదువుతున్న మీకు, ఆ కథలు ఇప్పుడు పాతవిగా కనిపించకపోవచ్చు.

మళ్ళీ అదే కరువు అని రాసిన ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆయనకు ఫోన్ చేసి చెప్పాను కూడా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సర్లే అబ్బీ, కాపీలు అయిపోయినాయి, మళ్ళా అచ్చు ఏపిచ్చాల అనుకుంటాండా" అన్నాడు.

అచ్చయితే మళ్ళీ రాస్తాను.